ఒకే చర్చి బిల్డింగు, మూడు నాలుగు సంఘాలు: లొల్లి లేకుండ ఎట్ల వాడుకోవాలె, ఎట్ల చూసుకోవాలె

ఒక్క గుడిల రెండు మూడు భాషల ఆరాధనలు జరగడం మన దిక్కు పెద్ద వింతేం కాదు. కాజీపేట జంక్షన్ ఊరు కాబట్టి రైల్వే ఉద్యోగం మీద ఎక్కడెక్కడినుంచో వచ్చినోళ్ళు ఉంటరు, ఇటు నిట్ పిల్లలు, అటు కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలు, హిందీల ప్రార్థన చేసుకునే వలస కూలీలు, ఇంకోదిక్కు హన్మకొండల గజం రేటు చూసి జాగ కొనే ధైర్యం రాక మేడ మీద రేకులు వేసుకునో ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకునో నడుస్తున్న చిన్న సహవాసాలు. మరి పాత చర్చి బిల్డింగేమో ఆదివారం మూడు గంటలు నిండుగ ఉండి మిగతా వారమంతా తాళం వేసి ఉంటది. అందుకే "మాకు కూడ ఒక పూట ఇయ్యుండ్రి అయ్యగారూ" అని అడిగేటోళ్ళు ఎక్కువైతున్నరు, ఇచ్చేటోళ్ళు కూడ ఉన్నరు, ఇచ్చినంక ఏడాది తిరగకముందే ముఖాలు చూసుకోనోళ్ళు కూడ మస్తు మంది ఉన్నరు.

పంచుకునేటప్పుడు అందరు టైం గురించే భయపడుతరు గాని, నేను చూసినంత వరకు టైం కాడ తెగిపోయినవి తక్కువ. ఒకళ్ళ ఆరాధన అయిపోయి ఇంకొకళ్ళది మొదలయ్యే ఆ మధ్య అరగంట కాడ, ఇంకా "ఇది ఎవరి పని" అని ఎవరు రాసుకోని పనుల కాడ తెగుతయి. నీళ్ళ ట్యాంకు నిండి పారుతుంటే మోటరు ఎవరు బంద్ చెయ్యాలె, పైకప్పు కాలువల ఆకులు ఎవరు తియ్యాలె, ఇట్లాంటివి. కాబట్టి ఈ గైడ్‌ల ఎక్కువ భాగం వాటి మీదనే రాసిన, సిద్ధాంతాల తేడాల గురించి అవసరమైనంత వరకే చెప్త.

మొదటి మెట్టు: బిల్డింగు ఎవరిది, ఇచ్చే హక్కు ఎవరికి ఉంది

పాస్టరు గారు "సరే వాడుకోండ్రి" అన్నరు కదా అని సామాన్లు తెచ్చి దించొద్దు. ముందు జాగ కాగితం ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలె. సీఎస్ఐ చర్చి అయితే ఆస్తులు మామూలుగ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటయి, లోకల్ పాస్టరేట్ కమిటీ ఒక్కటే సంతకం పెట్టి ఇచ్చే అధికారం ఉండదు, డయాసిస్ (అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) ఆఫీసు నుంచి రాతపూర్వకంగ రావాలె. మనకైతే వరంగల్ దిక్కు డోర్నకల్ డయాసిస్, కరీంనగర్ దిక్కు కరీంనగర్ డయాసిస్. కాథలిక్ గుడి అయితే బిషప్ గారి పర్మిషన్ లేకుండ ఇంకో సంఘం ఆరాధనకి ఇయ్యరు, వాళ్ళకి దివ్యసత్ప్రసాదం (ఆరాధనల ప్రతిష్ఠించిన రొట్టె) పెట్టె గుడిలనే ఉంటది కాబట్టి ఆ జాగ్రత్త వేరే. ఫాతిమానగర్ కేంద్రంగ ఉన్న వరంగల్ కాథలిక్ మేత్రాసనం 1952ల ఏర్పడ్డది, వాళ్ళ పద్ధతులు అప్పటినుంచి ఫైళ్ళల్ల ఉన్నయి, కాబట్టి గుడి బదులు స్కూల్ హాలో పారిష్ హాలో అడిగితే పని తొందరగ అయితది.

అన్నిటికన్న ఎక్కువ తిప్పలు స్వతంత్ర సంఘాల కాడ. చాలా చోట్ల జాగ పాస్టరు గారి సొంత పేరు మీదనో, వాళ్ళ అమ్మగారి పేరు మీదనో ఉంటది. ఆయన ఉన్నన్ని రోజులు బాగనే ఉంటది, ఆయన పోయినంక పిల్లలు వారసులు అయితరు, వాళ్ళకి మీ మాట ముచ్చట ఏం గుర్తు ఉండదు. మీరు కొత్త రేకులు వేయించి బాప్తిస్మం తొట్టి కట్టించి ఉంటరు, అదంతా వాళ్ళదే. అట్లాంటి చోట డబ్బులు పెట్టే పని అయితే ముందు సొసైటీ పేరు మీదకో ట్రస్టు పేరు మీదకో ఆస్తి మారిందా లేదా అడగండి. అడిగితే మొహం మాడ్చుకుంటరని భయపడకండి, ఇప్పుడు మాడ్చుకుంటే ఒక రోజే.

రెండో మెట్టు: కాగితం రాసుకోవడం

"విశ్వాసుల మధ్య కాగితం ఎందుకు" అనే మాట తప్పకుండ వస్తది, ఎవరో ఒక పెద్దాయన అంటడు. కాగితం నమ్మకం లేక కాదు అన్నా, ఇప్పుడు మాట్లాడుకున్న మనమే రేపు కమిటీల ఉంటమో లేదో అని చెప్పండి. పాస్టర్లు ట్రాన్స్‌ఫర్ అయితరు, సెక్రటరీలు మారుతరు, కొత్తగ వచ్చినాయన "ఇది ఎవరు ఒప్పుకున్నరు" అంటడు.

ఇక్కడ ఒక లీగల్ సంగతి. ఏడాది కంటే ఎక్కువ కాలానికి లీజు రాస్తే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలె, అందుకే చాలామంది 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటరు. కాని మనకి అసలు లీజు కన్న వాడుకునే అనుమతి పత్రం, అంటే లైసెన్సు లాగ రాసుకోవడమే మంచిది. లీజు అంటే స్వాధీనం అవతలోళ్ళకి పోయినట్టు, లైసెన్సుల స్వాధీనం ఓనర్ కాడనే ఉంటది, వీళ్ళకి ఫలానా రోజు ఫలానా గంటలు వాడుకునే అనుమతి మాత్రం ఉంటది. అందుకే ఓనర్ సంఘం కాడ ప్రతి తలుపు తాళంచెవి ఉండాలె, వచ్చిన సంఘం తన సొంత తాళం ఏ గదికీ వెయ్యొద్దు, బీరువాకి వేసుకోవచ్చు. పైన లైసెన్సు అని పేరు పెట్టి లోపల షరతులన్నీ లీజువి రాస్తే కోర్టు పేరు చూడదు, లోపలి సంగతే చూస్తది. కాబట్టి లోకల్ వకీలుకి ఒకసారి చూపించి ఫైనల్ చెయ్యండి, ఆయన ఫీజు మైకుల ఖర్చు కన్న తక్కువే ఉంటది.

కాగితంల ఏం ఉండాలె అంటే: రెండు దిక్కుల సొసైటీల పేర్లు (మనుషుల పేర్లు కాదు), రోజులు, గంటలు, ఏ గదులు, ఏ సామాను ముట్టొచ్చు ఏది ముట్టొద్దు, నెల ఖర్చుల వాటా, ఏదన్న పగిలితే ఎవరు కట్టాలె, మూడు నెలల ముందు నోటీసు. తెలుగుల రాసి, రెండు సంఘాల పెద్దల ముందర పైకి చదివి, అప్పుడు సంతకాలు.

ఆరాధన పద్ధతుల తేడాలు కూడ ఇందులనే రాయాలె, మొహమాటం వద్దు. డ్రమ్స్ ఉండొచ్చా, చెప్పులతోని లోపలికి రావొచ్చా, బలిపీఠం మీద కీబోర్డు పెట్టొచ్చా, బాప్తిస్మం తొట్టి వాడొచ్చా, నూనె రాసి ప్రార్థన చేస్తే బెంచీలకి మరకలు ఎవరు తుడుస్తరు. ఒకళ్ళకి బలిపీఠం పవిత్రం, ఇంకొకళ్ళకి అది స్టేజీ మీద ఒక బల్ల అంతే, వాళ్ళు దాని మీద వాటర్ బాటిల్ పెడతరు, అవతలి పెద్దమ్మకి కడుపు మండుతది. ఇద్దరిల ఎవరిదీ తప్పు కాదు, ముందుగాల చెప్పకపోవడమే తప్పు. జర్మనీల బౌట్సెన్ అనే ఊర్ల సెయింట్ పీటర్ కథీడ్రల్‌ని 1524 నుంచి కాథలిక్కులు, లూథరన్లు ఒకే కప్పు కింద వాడుకుంటున్నరు, మధ్యల ఒక అడ్డుతెర, ముందు భాగం ఒకళ్ళది, వెనక భాగం ఇంకొకళ్ళది. అంత పాత కాలంల, ఒకళ్ళ మీద ఒకళ్ళు మండిపడుతున్న రోజులల్ల కుదిరింది అంటే గీత ఎక్కడ అనేది తేల్చుకున్నరు కాబట్టే. ఇంగ్లాండ్‌లనైతే దీనికోసమే 1969ల ప్రత్యేకంగ ఒక చట్టం చేసుకున్నరు, చర్చి బిల్డింగులు పంచుకునే చట్టం అని. మనకి అట్లాంటిది లేదు, మన కాగితమే మన చట్టం.

మూడో మెట్టు: టైంటేబుల్, మధ్యల అరగంట

ఆదివారం ఒక నమూనా చెప్త. పొద్దున 7 నుంచి 8:30 ఇంగ్లీషు, 9:30 నుంచి 12:30 ఓనర్ సంఘం తెలుగు ఆరాధన, 2 నుంచి 4 హిందీ, 5:30 నుంచి 7:30 ఇంకో తెలుగు సహవాసం. చూసిన్రు కదా, ఎక్కడ కూడ ఒకళ్ళది అయిపోంగనే ఇంకొకళ్ళది లేదు. తెలుగు ఆరాధన ముందర గంట పెట్టిన ఎందుకంటే సండే స్కూలు పిల్లలు ముందే వస్తరు, పాటల టీం మైకులు చూసుకుంటది. 12:30కి అయిపోతది అని రాసినా కానుకలు, ప్రకటనలు, పుట్టినరోజు ప్రార్థనలు, ఆఖరికి "ఇంకో రెండు నిమిషాలు" అని అయ్యగారు మళ్ళ మైకు తీసుకుంటరు, నెల మొదటి ఆదివారం బల్ల (ప్రభు రాత్రి భోజనం) ఉంటే ఇంకో అరగంట. అందుకే గంటన్నర ఖాళీ.

ఈ ఖాళీల ఎవరు ఏం చెయ్యాలె అనేది గోడ మీద రాసి అంటించండి. వెళ్ళిపోయేటోళ్ళ పని: షత్రంజీలు దులిపి మడిచి పెట్టడం, మిక్సర్ల వాల్యూములన్నీ కిందికి దించి ఆఫ్ చెయ్యడం, కార్డ్‌లెస్ మైకుల బ్యాటరీలు తియ్యడం, మర్చిపోయిన బైబిళ్ళు, గొడుగులు, పిల్లల చెప్పులు ఒక డబ్బల వెయ్యడం, బాత్రూంల బకెట్ నీళ్ళు కొట్టడం, బోర్డు తుడవడం. వచ్చేటోళ్ళ పని: లోపలికి రాంగనే ఒక చుట్టు తిరిగి చూసి పుస్తకంల రాయడం. ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు, తేదీ, సంఘం, వచ్చిన టైం, పోయిన టైం, ఏం పాడైంది, సంతకం. పాడైంది అని ముందే రాసి ఉంటే ఆ నింద తర్వాతోళ్ళ మీద పడదు, ఇంతే దాని ఉపయోగం, కాని ఇది ఒక్కటే సగం పంచాయితీలు ఆపుతది. వాట్సాప్ గ్రూపుల ఫోటో పెడితే సరిపోదా అంటరు, సరిపోదు, అక్కడ ఫోటో కింద నాలుగు ఎమోజీలు, రెండు వాక్యాలు, ఇగ గొడవ మొదలు.

లేటు చేస్తే ఏం చెయ్యాలె? జరిమానాలు పెట్టకండి, చర్చిల జరిమానా అనేది బాగ అనిపించదు. వరుసగ మూడు సార్లు లేటు అయితే వాళ్ళ మొదలయ్యే టైం అరగంట ముందుకి జరపాలె అని రాసుకోండి, పెద్దలకి పొద్దున్నే లేవడం ఇష్టం ఉండదు కాబట్టి వాళ్ళే సర్దుకుంటరు.

సౌండ్ సంగతి. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయటికి వినపడే లౌడ్‌స్పీకర్ పెట్టొద్దు. ఇండ్ల మధ్య అయితే పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. దవాఖాన, స్కూలు, కోర్టు చుట్టు 100 మీటర్లు సైలెన్స్ జోన్. ఒక సంఘమే ఉన్నప్పుడు పక్కింటోళ్ళు ఆదివారం మూడు గంటలు ఓర్చుకుంటరు, నాలుగు సంఘాలైతే పొద్దుందాక చప్పుడే కదా, వాళ్ళ కోపం మాత్రం ఓనర్ సంఘం మీదనే వస్తది. బయటి హారన్లు తీసేసి లోపలి స్పీకర్లే పెట్టుకోండి, మధ్యాహ్నం 2 గంటల ఆరాధనకి డ్రమ్స్ లేకుండ నడిపియ్యండి.

పండుగలు, పెళ్ళిళ్ళు, చావులు

డిసెంబర్‌ల కూసుని పండుగల టైంటేబుల్ వేస్తే కుదరదు, ఆగస్టుల కూసోవాలె. సెమీ క్రిస్మస్‌లు ఒక్కొక్కరు ఒక్కో రోజు పెట్టుకోవచ్చు, అదంత కష్టం కాదు. అసలు తిప్పల డిసెంబర్ 31 రాత్రి. 12 గంటలు అందరికీ కావాలె. దీనికి ఏ కమిటీ కాడ కూడ మంత్రం లేదు. ఒకటి, అందరు కలిసి ఒకటే వాచ్ నైట్ పెట్టుకుని పాటలు ఒకళ్ళు, వాక్యం ఒకళ్ళు, సాక్ష్యాలు ఒకళ్ళు పంచుకోవడం. లేదంటే ఏడాదికొకళ్ళకి వంతు, మిగతావాళ్ళు 7 గంటలకో 9 గంటలకో చేసుకుని ఇండ్లల్లకి పోవడం. వంతుల పద్ధతే నయం అంటా నేను, ఎందుకంటే కలిసి చేసేదాంట్ల వాక్యం ఎవరు చెప్పాలె అనే కాడ కొత్త లొల్లి పుడతది.

గుడ్ ఫ్రైడే మాత్రం కలిసి చెయ్యడానికి మస్తు అనువైనది. 12 నుంచి 3 దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఉంటయి కదా, వాటిని సంఘాలు పంచుకుంటే ఒక్క పాస్టరు గొంతు పోకుండ ఉంటది, మూడు భాషల వాళ్ళు ఒక్క దగ్గర కూసుంటరు. ఈస్టర్ పొద్దున ఎట్లాగు సమాధుల తోటల ఉంటరు కాబట్టి బిల్డింగు మీద బరువు తక్కువ. మట్టల ఆదివారం ఊరేగింపు అయినంక ఈత మట్టలు, కొబ్బరాకులు ఎవరు ఎత్తిపోస్తరో ముందే చెప్పుకోండి. కోత పండుగ అయితే బియ్యం బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు వేలం అయ్యేదాక గుడిలనే ఉంటయి, ఆ పూట సాయంత్రం వేరేవాళ్ళకి ఇయ్యకండి.

పెళ్ళిళ్ళకి 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగ పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపలనే జరపాలె, కాబట్టి స్లాట్లు దాని లోపలనే. పెళ్ళి రిజిస్టర్ ఎవరిది వాళ్ళదే, బిల్డింగు కలిసి వాడుతున్నం కదా అని రిజిస్టర్ కలిపి పెట్టొద్దు, పెళ్ళి చేసే లైసెన్సు ఏ పాస్టరు గారికి ఉందో ఆయన రిజిస్టర్లనే ఎక్కాలె. పూలు, డెకరేషన్ థర్మాకోల్, కాగితం తుక్కు అదే రోజు రాత్రికల్లా పెళ్ళోళ్ళే తీసెయ్యాలె, అడ్వాన్స్ తీసుకుని క్లీన్ చేసినంక వాపస్ ఇచ్చే పద్ధతి పెడితే అదే అయితది.

చావుకి టైంటేబుల్ లేదు. ఏ సంఘంల ఎవరు చనిపోయినా శవం గుడికి తేవాలంటే ఆ రోజు ఎవరి స్లాట్ అయినా పక్కకి జరపాలె, ఇది కాగితంల మొదటి లైను కావాలె.

నాలుగో మెట్టు: డబ్బులు

అందరికీ సమానంగ వాటా అంటే వినడానికి బాగుంటది, కాని వారానికి రెండు గంటలు వాడే ముప్పై మంది కూలీల సహవాసానికి అది అన్యాయం. సగం గంటల లెక్కన, సగం మనుషుల లెక్కన పంచండి. ఒక ఉదాహరణ: నెలకి కరెంటు, నీళ్ళు, వాచ్‌మన్, ఊడ్చే అమ్మ జీతం అన్నీ కలిపి 24,000 అనుకుందాం. మొదటి సంఘం నెలకి 20 గంటలు, 150 మంది, రెండోది 8 గంటలు, 70 మంది, మూడోది 4 గంటలు, 30 మంది. గంటల వాటా 12,000ని 32 గంటలకి పంచితే గంటకి 375, మనుషుల వాటా 12,000ని 250 మందికి పంచితే తలకి 48. అప్పుడు మొదటి సంఘానికి 14,700, రెండోదానికి 6,360, మూడోదానికి 2,940. ఆరు నెలలకొకసారి తలలు మళ్ళ లెక్కపెట్టుకోవాలె. తలలు లెక్కపెట్టేటప్పుడు తక్కువ చెప్పి, పండుగ పోస్టర్ల మీద మాత్రం వేల మంది అని రాసుకునేటోళ్ళు ఉంటరు, నవ్వుకుని వదిలెయ్యండి, ఒక మామూలు ఆదివారం పోయి చూస్తే తెలుస్తది.

ఏసీలు ఉంటే వాటికి సబ్‌మీటర్ పెట్టి ఎవరు వాడితే వాళ్ళే కట్టాలె. కరెంటు కనెక్షన్ పూర్తిగ మతపరమైన స్థలం కేటగిరీల ఉంటే రేటు వేరే ఉంటది, అదే మీటరు మీద వారమంతా ట్యూషన్ సెంటరో హాస్టలో నడిపితే చెకింగ్‌ల పట్టుకుని పెనాల్టీ వేస్తరు, అది ఓనర్ సంఘం మెడకే చుట్టుకుంటది. అట్ల వాడాలంటే ముందే వేరే మీటరు తీసుకోండి.

రిపేర్లకి నెలనెలా కొంత వేరే అకౌంట్ల వెయ్యాలె, రెండు సంఘాల సంతకాలు ఉంటేనే డబ్బులు బయటికి వచ్చేటట్టు. కానుకల పెట్టెలు ఎవరివి వాళ్ళవే, ఆరాధన కాంగనే తీసుకపోవాలె, గుడిల రాత్రి పైసలు ఉండొద్దు. ఇప్పుడు కొత్తగ వచ్చిన పంచాయితీ క్యూఆర్ కోడ్‌ది. సాయంత్రం సంఘం వాళ్ళు వేదికకి తమ స్టిక్కర్ అంటించి పోతరు, వచ్చే ఆదివారం పొద్దున వచ్చిన ముసలమ్మ మనవనితోని దాన్నే స్కాన్ చేపిస్తది, ఆమె దశమభాగం అవతలి సంఘానికి పోతది. స్టిక్కర్లు వద్దు, స్టాండు మీద పెట్టుకుని పోయేటప్పుడు తీసుకపోవాలె.

అయిదో మెట్టు: బిల్డింగు బాగోగులు

ఇక్కడ తొందర పడకుండ చదవండి.

ఎండాకాలంల చేసేవి మిరుగు లోపల చెయ్యాలె, అంటే జూన్ మొదటి వారం దాటొద్దు. బంగ్లా పెంకుల కప్పు అయితే పెంకులు జరిగినయా, పగిలినయా చూసుకోవాలె. మన దిక్కు పెంకులు పగలడానికి వాన కన్న కోతులు పెద్ద కారణం, అవి పెంకు లేపి కింద ఏముందో చూసి అట్లనే పడేసి పోతయి, నీళ్ళ ట్యాంకు మూతలు గుంజుతయి, కేబుళ్ళు తెంపుతయి. కోతులు రాకుండ చెయ్యలేం గాని వాటిని మనమే పిలవకుండ ఉండొచ్చు: ప్రేమ విందు పెట్టిన సంఘం ఇస్తరాకులు, మిగిలిన అన్నం అదే పూట కాంపౌండ్ దాటించాలె. కప్పు మీద, స్లాబు మీద నీళ్ళు పోయే పైపుల మూతుల కాడ ఆకులు, బాల్, చచ్చిన పావురం, ఏదో ఒకటి అడ్డం ఉంటది. ఆ ఒక్కటి తియ్యకపోతే స్లాబు మీద నీళ్ళు నిలబడి లోపల గోడ ఉబ్బుతది, తర్వాత లక్ష రూపాయల పని. ఈ పనికి నెలకొక సంఘం వంతు అని పేరుతోని రాయండి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరు చూడరు.

2020 ఆగస్టుల, 2023 జూలైల వరంగల్, హన్మకొండ కాలనీలల్ల నీళ్ళు ఎట్ల వచ్చినయో అందరం చూసినం. లోతట్టు జాగల ఉన్న గుడి అయితే ఆంప్లిఫైయర్, స్టెబిలైజర్, ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీద పెట్టొద్దు, గోడకి నడుం ఎత్తుల రాక్ కొట్టించండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆఖరుకి పోయే సంఘం మెయిన్ ఆఫ్ చేసి పోవాలె, బోరు మోటరు లైను ఒక్కటి వేరే పెట్టుకుని.

మిషనరీల కాలం నాటి బిల్డింగు అయితే గోడలు డంగు సున్నంతోని కట్టి ఉంటయి. దాని మీద ఎవరో దాత ఉత్సాహంతోని సిమెంటు ప్లాస్టరింగు, దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేపిస్తడు, రెండు వానాకాలాలు తిరిగేసరికి పొరలు పొరలుగ ఊడిపోతది. సున్నం గోడ చెమ్మ పీల్చి వదులుతది, సిమెంటు దాన్ని లోపలనే ఆపుతది, ఇంతే కారణం. మళ్ళ సున్నంతోనే మరమ్మతు చేపించి, పైన సున్నం కొట్టించండి. తెల్వని మేస్త్రీకి అప్పజెప్పకండి. పాత గుడికి దాత పేరు రాసిన బండ పెట్టడం ఈజీ, ఆ గోడని బతికిచ్చుకోవడం కష్టం. డోర్నకల్‌ల ఎపిఫనీ కథీడ్రల్ చూసినోళ్ళకి తెలుస్తది, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి అజరయ్య బిషప్ గారి కాలంల కట్టిన ఆ పనిని ఇప్పుడు అదే తీరుగ కట్టియ్యమంటే కట్టే చేతులు దొరకడం కష్టం.

నేల షాబాద్ బండలైతే ఒక్క మాట గట్టిగ చెప్పండి: బాత్రూం యాసిడ్ వద్దు. అది సున్నపురాయి, యాసిడ్ పడితే నురగ వచ్చి పైపొర తినేస్తది, బండ గరుకుగ అయి మురికి ఇంకా ఎక్కువ పడతది. క్రిస్మస్ ముందర యూత్ వాళ్ళు ఉత్సాహంగ కడుగుతరు, అప్పుడే ఈ పని జరుగుతది. సబ్బు నీళ్ళు, బ్రష్షు చాలు.

షత్రంజీలు మన కొత్తవాడల నేసినవి ఉంటే అదృష్టం (వరంగల్ డర్రీలకి 2018ల జీఐ ట్యాగ్ కూడ వచ్చింది), కాని అవి నూలువి, వానాకాలం తడి కాళ్ళ తడితోనే మడిచి పెడితే వారంల బూజు వాసన. ఎండ వచ్చిన రోజు గోడ మీద ఆరేయాలె. నేల మీద డైరెక్టుగ పెట్టకుండ బల్ల మీద పెట్టండి, చెద కూడ రాదు. చెద గురించి అంటే తలుపు చట్రాల కాడ, బైబిల్ బీరువా వెనక గోడ మీద మట్టి గీతలు కనపడితే చీపురుతోని తుడిచి ఊరుకోవద్దు, మందు కొట్టేటోళ్ళని పిలవాలె. పాటల పుస్తకాల బీరువా గోడకి జానెడు దూరం.

గంట గోపురం కింద తేనెపట్టు పడితే పగలు పొగ పెట్టొద్దు, పటాకులు కాల్చొద్దు, ఊరేగింపు డప్పులు దాని కింద ఆపొద్దు. పెద్ద తేనెటీగలు లేస్తే జనం పడి తొక్కిసలాట అయితది. పట్టు తీసేటోళ్ళని రాత్రి పూట పిలిపియ్యండి. గబ్బిలాలు ఉంటే సాయంత్రం అవి బయటికి పోయినంక వల కట్టాలె, గబ్బిలం పిల్లలు ఉన్న టైంల మూస్తే అవి లోపల చచ్చి కంపు. గంటకి ఏడాదికొకసారి బోల్టులు బిగించి గ్రీజు పెట్టి, తాడు మార్చండి, పిల్లలు ఊగులాడే తాడు అది.

క్రిస్మస్ స్టారు, సీరియల్ లైట్లు ప్రతి సంఘం వేరే వేరే కడుతది, ఒకే ప్లగ్గు నుంచి మూడు ఎక్స్‌టెన్షన్లు గుంజుతరు. గోడకి మేకులు కొట్టుడు బంద్ చేసి, ఒకేసారి పర్మనెంట్ హుక్కులు, దానికి వేరే ఎంసీబీతోని ఒక లైను వేయించండి. ఎర్తింగ్ ఏడాదికొకసారి ఎలక్ట్రిషియన్‌తోని చూపియ్యాలె, వానాకాలంల మైకు పట్టుకున్న పాస్టరు గారికి షాక్ కొట్టేది అందుకే. కరెంటు బోర్డు కాడ ఒకటి, బలిపీఠం కాడ ఒకటి మంటలార్పే సిలిండరు, దాని ముల్లు ఆకుపచ్చల ఉందా చూడడం మూడు నెలలకొకసారి.

సౌండ్ సామాను ఉమ్మడిగ వాడాలంటే ఆపరేటర్లు సంఘానికి ఇద్దరు చొప్పున, పేర్లు రాసి పెట్టినోళ్ళే ముట్టాలె. కీబోర్డు, తబలా మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవడం మంచిది.

ఆరో మెట్టు: కమిటీ, గొడవలు

సంఘానికి ఇద్దరు, అందుల ఒకళ్ళు తప్పకుండ ఆడవాళ్ళు. ఎందుకంటే గుడి ఊడ్చేది, బాత్రూంల నీళ్ళు లేవని ముందు తెలిసేది, బల్ల గుడ్డ ఉతికేది వాళ్ళే. మగవాళ్ళ కమిటీలు జాగ గురించి, హక్కుల గురించి మాట్లాడుకుంట కూసుంటయి, నల్లా లీకేజీ సంగతి అజెండాలకే రాదు. మూడు నెలలకొకసారి కూసోవాలె, మినిట్స్ రాయాలె.

ఎవరి వాటా పని ఎవరిది అని మరీ బిగుసుకుంటే ఏమైతదో చూడాలంటే యెరూషలేంల పరిశుద్ధ సమాధి చర్చి ఉంది. గ్రీకు ఆర్థొడాక్స్, కాథలిక్, ఆర్మేనియన్ వాళ్ళు ప్రధానంగ, కాప్టిక్, ఇథియోపియన్, సిరియన్ వాళ్ళు కూడ పంచుకుంటరు, ఎవరిది ఏ మూల అనేది ఒట్టోమన్ కాలంల ఖరారైంది. ముఖద్వారం పైన కిటికీ కాడ ఒక చెక్క నిచ్చెన 18వ శతాబ్దం నుంచి దాదాపు అట్లనే ఉంది, తియ్యడానికి అందరు ఒప్పుకోవాలె కాబట్టి. తాళంచెవి, తలుపు తీసే పని తరాలుగ రెండు ముస్లిం కుటుంబాల చేతుల ఉంది. లోపల సమాధి మందిరం పడిపోయేటట్టు అయినంక మూడు సంఘాలు ఒప్పుకుని 2016ల రిపేరు మొదలుపెట్టి 2017ల పూర్తి చేసినయి. మనం అంతదాకా ఆగే పని లేదు. కాబట్టి కాగితంల ఒక లైను రాయండి: మనుషుల ప్రాణానికి, బిల్డింగుకి ప్రమాదం ఉన్న రిపేరు ఎవరినీ అడగకుండ ఏ సంఘమైనా వెంటనే చేపియ్యొచ్చు, ఇంత మొత్తం దాకా, తర్వాత అందరు పంచుకుంటరు. ఆ మొత్తం ఎంత అనేది మీరే వేసుకోండి.

ఇంకో పెద్ద గొడవ గొర్రెల దొంగతనం, అంటే ఒక సంఘం మనుషులు మెల్లగ ఇంకో సంఘానికి పోవడం. ఒకే గేటుల వచ్చి పోతుంటే ఇది జరుగుతది, పిల్లలకి సాయంత్రం పాటలు నచ్చుతయి. రూల్ ఏందంటే గేటు లోపల ఎవరు కూడ పక్క సంఘం వాళ్ళకి పాంప్లెట్లు పంచొద్దు, సభ్యత్వం మారాలంటే పాత సంఘం లెటరు తేవాలె, పాస్టర్లిద్దరు ఫోన్‌ల మాట్లాడుకోవాలె. మనసు మారినోళ్ళని ఆపే రూల్ ఏదీ పని చెయ్యదు, అది కూడ తెల్సుకోవాలె.

ఖాళీ చేసి పోయేటప్పుడు

సొంత జాగ దొరికి ఒక సంఘం పోతుంటే, మొదటి రోజు రాసుకున్న సామాను లిస్టు తీసి ఇద్దరు కలిసి చూసుకోవాలె. గోడకి, నేలకి బిగించినవి (హుక్కులు, ఫ్యాన్లు, తొట్టి) బిల్డింగుకే ఉంటయి, మోసుకపోగలిగినవి వాళ్ళవి అని మొదలే రాసుకుంటే ఫ్యాన్ల కాడ కొట్లాట ఉండదు. నోట్‌బుక్ జిరాక్స్ ఒకటి వాళ్ళకి ఇయ్యండి. పేరు బోర్డు, ఆన్‌లైన్ మ్యాపుల పెట్టిన లొకేషన్ తీసెయ్యాలె, లేకపోతే ఇంకో ఏడాది దాకా కొత్తోళ్ళు సాయంత్రం 5:30కి వచ్చి తాళం వేసిన గేటు కాడ నిలబడతరు. రిపేర్ల అకౌంటుల వాళ్ళ సంతకం మార్పించడం ఆ నెలల్నే చెయ్యండి, బ్యాంకోళ్ళు దానికి తీర్మానం కాపీ అడుగుతరు, అది ఖాళీ చేసే రోజు మీటింగులనే రాసి సంతకాలు పెట్టించుకుంటే మళ్ళ వాళ్ళ చుట్టు తిరిగే పని ఉండదు.